కోటయ్య మామ చెయ్యి ఎత్తేదాకా

మా రెంటచింతల నుంచి సముద్రం చూడాలంటే ఆ రోజుల్లో ఒక పగలంతా బస్సులూ రైళ్ళూ మారాలి. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణి. ముప్పైయేళ్ళకి పైగా నీళ్ళ మీద తేలే క్రేన్ నడిపి రిటైరయ్యానంటే మావాళ్ళలో కొందరు ఇప్పటికీ నమ్మరు. నేను రేవులో గుమాస్తాగా ఉండి వచ్చి గొప్పలు పోతున్నానని మా తోడల్లుడికి గట్టి అభిప్రాయం. ఇది అతని కోసం రాయడం లేదు. మా వీధి చివరింటి టీచరమ్మగారి అమ్మాయి మేరీ ఈమధ్య ఒక రేవులో ఇంజినీరుగా చేరింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, పుస్తకాల్లో లేనిది ఏదన్నా ఉంటే చెప్పమని అడిగింది. పుస్తకాల్లో ఏముందో నాకు తెలియదు. అందుకని నాకు తెలిసింది రాసి ఇస్తున్నాను. పుస్తకాల్లో ఉన్నవేవో ఆ పిల్లే కొట్టేసుకుంటుంది.

ప్రమోషన్ల సంగతి రాయను. వాటిలో నవ్వుకోవడానికి ఏమీ లేదు. రేవు పేరు, పైఅధికారుల పేర్లు కూడా రాయను. వాళ్ళ పిల్లలు ఎక్కడెక్కడో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, ఎందుకొచ్చిన గొడవ. నా తప్పులు మాత్రం నా పేరుతోనే రాస్తాను. నా పేరు ఇన్నయ్య.

ఈత వచ్చా?

యాభైల మొదట్లో నేను పిడుగురాళ్ల దగ్గర ఒక రాతి క్వారీలో పనిచేసేవాణ్ణి. మూడు వాసాలు కలిపి కట్టి, వాటికి కప్పీ వేలాడదీసి, గొలుసులతో రాళ్ళు లేపి బండ్లకెత్తేవాళ్ళం. మా ముఠా మేస్త్రీ కోటయ్య. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. వాళ్ళు రామాలయానికి పోయేవాళ్ళు, మేము చర్చికి పోయేవాళ్ళం. అయినా నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. ఆయనకి కూతుళ్ళు లేరు కాబట్టి ఆ పిలుపు వల్ల ఎవరికీ ప్రమాదం రాలేదు.

మా క్వారీలో ఒక ఆచారం ఉండేది. రాయికి తాడు కట్టినవాడే ఆ రాయి మీదికెక్కి నిలబడాలి. రాయి నేల నుంచి జానెడు లేచేదాకా దిగకూడదు. కట్టు జారితే ముందు దొర్లిపడేది వాడే. అందుకని ముడి వేసేటప్పుడు ఎవరూ పరధ్యానంగా ఉండేవాళ్ళు కాదు. కట్టు గట్టిగా ఉందని నోటితో ఎంత చెప్పినా మావాళ్ళు వినేవాళ్ళు కాదు, ఎక్కి చూపించమనేవాళ్ళు. కొందరు ఎక్కే ముందు వెనక్కి తిరిగి మళ్ళీ ముడి బిగించుకునేవాళ్ళు. అప్పుడు మేమంతా నవ్వేవాళ్ళం, వాడి కట్టు ఎంత గట్టిదో అప్పుడే తెలిసిపోయేది.

బరువులెత్తే పని తెలిసినవాళ్ళు కావాలని రేవు నుంచి మా కంట్రాక్టరుకి కబురొచ్చింది. తొమ్మిదిమందిమి వెళ్ళాం. అక్కడొక అధికారి మమ్మల్ని వరసగా నిలబెట్టి ఈత వచ్చా అని అడిగాడు. తొమ్మిదిమందిమీ వచ్చన్నాం. నాకు క్వారీ గుంటల్లో నిలిచిన వాననీళ్ళలో ఈదటం వచ్చు. కోటయ్య మామకి మోకాలి లోతు నీళ్ళంటేనే గిట్టదు. బయటికొచ్చాక ఎందుకు అబద్ధమాడావని అడిగితే ఆయన తలపాగా సర్దుకుని, "పని బరువులెత్తేదా, చేపలు పట్టేదా?" అన్నాడు.

మొదటిరోజు అన్నాలు తిని చేతులు కడుక్కున్నాక మామ దోసిలితో సముద్రపు నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. అక్కడి కళాసీలు, అంటే రేవు పనివాళ్ళు, ఎవరూ వద్దని చెప్పలేదు. మా పల్నాటి వాళ్ళని ఎప్పుడెప్పుడు ఏడిపిద్దామా అని ముందే కాచుకుని ఉన్నారు వాళ్ళు. మామ ఉమ్మేసి ఆ నీళ్ళవంక చానాసేపు చూశాడు. ఇన్ని నీళ్ళుండి ఒక్క గుక్క తాగటానికి లేకపోవడం ఆయనకి పెద్ద అన్యాయంగా తోచింది. మాది నీళ్ళకి మొహం వాచిన సీమ మరి.

గట్టు మీద ఒకటి, నీళ్ళ మీద మూడు

ఆ పని ఏమిటో కాస్త చెప్పాలి. పంటు అంటే మనవాళ్ళకి తెలుసు, కృష్ణ దాటించేది. మాది అలాంటిదే, కాకపోతే ఇనపది, చాలా పెద్దది. దాని మీద ఆవిరితో నడిచే క్రేన్ ఉంటుంది. పెద్ద ఓడలు లోతు చాలక గట్టుదాకా రాలేవు, దూరంగా లంగరు వేసుకుంటాయి. చిన్న సరుకు వాళ్ళ సొంత క్రేన్లతో వాళ్ళే దించుకుంటారు. వాళ్ళ వల్ల కానివి మా కోసం ఆగుతాయి. బాయిలర్లు, రైలింజన్లు, యంత్రాలున్న పెద్ద పెట్టెలు. మా పంటుని ఓడ పక్కకి తీసుకెళ్ళి కట్టి, బరువు లేపి, రెండో పక్కనున్న బార్జీలో, అంటే సరుకు పడవలో, దించుతాం. బార్జీని ఒక చిన్న స్టీమరు గట్టుకి లాక్కుపోతుంది. అంతే పని. చెప్పడానికి నాలుగు ముక్కలు, నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

గట్టు మీద రాయి లేపితే రాయి ఒక్కటే కదులుతుంది. నీళ్ళ మీద బరువూ, పంటూ, ఓడా మూడూ కదులుతాయి. బరువు కొక్కేనికి తగిలేసరికి మన పంటు అటు ఒరుగుతుంది. బరువు తగ్గిన ఓడ ఆ పక్క పైకి తేలుతుంది. పంటు ఒరిగింది కాబట్టి క్రేన్ కొన ముందుకి జరిగి, తాడు ఏటవాలుగా అవుతుంది. అప్పుడు గబుక్కున లేపామా, బరువు ముందు అవతలికి ఊగి, తరవాత మన మీదికే వస్తుంది. అందుకని తాడు బిగిశాక ఆగాలి. పంటు ఒరగడం అయిపోయేదాకా ఆగి, క్రేన్ కొనని కాస్త వెనక్కి లాగి, తాడు నిలువుగా వచ్చిందని చూసుకున్నాక లేపాలి. ఆ ఆగడం ఎంతసేపో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. నేను డ్రైవరునయ్యాక ఆ ఆగడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. వయసులో ఉన్నవాడికి ఖాళీగా చేతులు పెట్టుకు కూర్చోవడం అవమానంగా ఉంటుంది.

క్రేన్ గదిలోంచి ఓడ మీదిది డ్రైవరుకి సరిగ్గా కనపడదు. ఓడ మీద నిలబడి చేత్తో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి కోటయ్య మామ. అరచెయ్యి తెరిచి ముందుకి చాపితే ఆగమని. చెయ్యి తల మీదికి ఎత్తితే లేపమని. కిందికి ఊపితే దించమని. గోడ నిలువు చూసుకోవడానికి మేస్త్రీలు వాడే గుండు ఒకటి ఆయన మొలలో ఉండేది. దాన్ని దారంతో వేలాడదీసి, ఒక కన్ను మూసి, క్రేన్ తాడుతో సరిచూసుకునేవాడు. రెండూ ఒకే గీతలో కనపడేదాకా ఆ అరచెయ్యి తీసేవాడు కాదు.

ఇంకొక సంగతి. క్వారీ ఆచారాన్ని మామ రేవుకి కూడా తెచ్చాడు. తను కట్టు కట్టిన బరువు మీదికి తనే ఎక్కి నిలబడేవాడు. ఓడ డెక్కు నుంచి జానెడు లేచాక దూకేసేవాడు. బరువు మీద ఎవరూ ఎక్కరాదని క్రేన్‌కి ఇంగ్లీషులో పలక కొట్టి ఉంది. ఇంగ్లీషు రాకపోవడం మాకు అలా కలిసొచ్చింది.

గొడుగు దొర

మా పైఅధికారికి మేము పెట్టుకున్న పేరు గొడుగు దొర. తెలుగువాడే. వానైనా ఎండైనా చేతిలో తెరిచిన నల్లగొడుగు ఉండాలి. సముద్రపు గాలికి అది వారానికోసారి తిరగబడి చువ్వలు బయటికొచ్చేవి. ఆయన చువ్వలు లోపలికి నొక్కి, ఏమీ జరగనట్టు మళ్ళీ పట్టుకునేవాడు.

ఆయనకి పంటు ఎక్కితే కడుపులో తిప్పేది. అది మాకు తెలియదనుకునేవాడు. ఒకసారి మామ చానా వినయంగా దగ్గరికెళ్ళి, మా పల్నాడులో కడుపు తిప్పితే పండుమిరప పచ్చడి నాలిక కింద పెట్టుకుంటారని చెప్పాడు. పల్నాడులో ఎవరూ అలా పెట్టుకోరు. ఆయన నిజంగానే పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రబడి, ముక్కు కారి, మాట రాక, గొడుగుతోనే సైగ చేసి పడవ పిలిపించుకుని వెళ్ళిపోయాడు. నాలుగురోజులు పంటు వైపు రాలేదు. ఐదోరోజు వచ్చి, కడుపు తిప్పటం నిజంగానే తగ్గిందయ్యా అన్నాడు. అది విన్నాక మాకే కాస్త సిగ్గేసింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ఆయన మంచివాడు, లెక్క తెలిసినవాడు. ఏ బరువుకి పంటు ఎంత ఒరుగుతుందో కాగితం మీద వేసి చెప్పేవాడు, అది నిజమయ్యేది. మేము ఆయన్ని చూసి నవ్విన సందర్భాల్లో సగంలో తప్పు మాదే. మిగతా సగంలో ఆయన తప్పల్లా ఒకటే, కాగితం మీద టైపు కొట్టి ఉన్నదేదైనా ఆయనకి నిజమే.

బాయిలరు

నాకు పెళ్ళయిన కొత్తల్లో మా బావమరిది రేవు చూస్తానని వచ్చాడు. నేను నిజంగా క్రేన్ నడుపుతున్నానా లేదా అని చూసి రమ్మని అత్తగారింటి వాళ్ళే పంపారని నా అనుమానం. అతన్ని పంటు మీద నీడలో కూర్చోబెట్టాను. ఆ రోజు ఓడ తోక వైపు కట్టుకుని ఒక బాయిలరు దించుతున్నాం. పెద్ద బరువేం కాదు. మామ కట్టు బిగించి, బాయిలరు మీదికెక్కి, అరచెయ్యి చాపి నిలబడ్డాడు.

తాడు బిగిసింది. పంటు ఒరుగుతోంది. నేను ఆగాలి. బావమరిది నావంకే చూస్తున్నాడు. క్రేన్ ఆగిపోయిందేమిటి, ఇతనికి నడపటం రాదా అని అనుకుంటున్నాడేమోనని నాకు తోచింది. అతను అలా అన్నాడా అంటే అనలేదు, కిళ్ళీ నములుతున్నాడు. నేను లివరు లాగేశాను.

మామ చెయ్యి ఎత్తలేదు. ఇది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. అరచెయ్యి చాపే ఉంది.

బాయిలరు లేచి ముందు అవతలికి ఊగింది. మామ తాడు పట్టుకున్నాడు. తరవాత బాయిలరు వెనక్కి ఊగుతూ వచ్చి, ఓడ రెయిలింగుని తన్ని, సముద్రం మీదికి వచ్చింది. మామ చెయ్యి జారింది. అంత ఎత్తు నుంచి పంచె గాలికి ఎగురుతుండగా మనిషి నీళ్ళలో పడ్డాడు. ఆయనకి ఈత రాదని అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.  ఊగే బరువుని వదిలి క్రేన్ దిగలేను. గదిలోంచి పిచ్చివాడిలా అరిచాను.

కళాసీలు పడవలో వెళ్ళి పొడుగాటి కొక్కెం కర్రతో పంచె పట్టుకుని లాగారు. పంచె ఒక్కటే వచ్చింది. రెండోసారి చెయ్యి దొరికింది. మామని పంటు మీద పడుకోబెట్టి పొట్ట నొక్కితే నీళ్ళు కక్కి కళ్ళు తెరిచాడు. ఒంటి మీద గోచీ, తల మీద చెక్కుచెదరని తలపాగా. బాయిలరు బాగుందా అని అడిగాడు.

ఆ సాయంత్రం గొడుగు దొర గదిలో విచారణ. మామ ఎవరిదో దుప్పటి కప్పుకుని నా పక్కనే నిలబడ్డాడు. బరువు మీద ఎందుకెక్కావని దొర అడిగితే తప్పేనయ్యా అన్నాడు. తరవాత దొర నా వైపు తిరిగి, కోటయ్య లేపమని చెయ్యి ఎత్తాడా, ఆగమని చాపాడా అని అడిగాడు.

 నిజం చెబితే నన్ను క్రేన్ మీదనుంచి దించేస్తారు. బావమరిది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"చెయ్యి సరిగ్గా కనపడలేదు సార్. ఎండ కళ్ళలో పడింది" అన్నాను.

మామ నావంక చూడలేదు. తల వంచుకుని దుప్పటి కొన పిండుకుంటున్నాడు. దొర కాగితం మీద రాశాడు. సిగ్నలు సరిగ్గా ఇవ్వలేదనీ, బరువు మీదికెక్కాడనీ కోటయ్యని ఆ పని నుంచి తీసేశారు. గొలుసుల తుప్పు గీకే పనిలో వేశారు. ఓడ మీద నిలబడి వందమంది పనిని ఒక్క అరచేత్తో ఆపగలిగిన మనిషి ఆ మర్నాటి నుంచి పంటు మూల గోనెపట్టా పరుచుకుని, ఇనప బ్రష్షుతో గొలుసు లంకెలు గీకుతూ కూర్చున్నాడు.

తుప్పు

వానలు పోయి, చలి పోయి, మళ్ళీ ఎండలు ముదిరేదాకా ఆయన అలాగే గీకాడు. నాతో మాట్లాడటం మానేస్తే బాగుండేది. మానలేదు. రోజూ మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. ఊరి నుంచి గోంగూర పచ్చడి వస్తే ముందు నాకే పెట్టేవాడు. ఆ విషయం ఎత్తేవాడు కాదు. తిట్టినా బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చేది, పచ్చడితో పాటు మింగేసేవాణ్ణి.

మామ స్థానంలో వచ్చిన కొత్త సిగ్నలు మనిషి మెళ్ళో ఈల వేసుకుని వచ్చాడు. అన్నిటికీ ఈల వేసేవాడు. లేపమన్నా ఈలే, ఆగమన్నా ఈలే, దించమన్నా ఈలే. బుద్ధిమంతుడు, గడియారం చూసుకుని పనిచేసేవాడు. కానీ తాడు నిలువుకి వచ్చిందో లేదో చూడటం అతనికి తెలియదు. నాకు నేనే మెడ బయటపెట్టి చూసుకునేవాణ్ణి. మామ అరచెయ్యి ఎంత పని చేసేదో అది లేనప్పుడు తెలిసింది. ఏ సంస్థలోనైనా, మేరీ, ఆగమనే మనిషిని తీసేసి తొందరపెట్టే మనిషిని వేస్తారు. కొన్నాళ్ళు పనులు చకచకా అవుతున్నట్టే ఉంటాయి.

మా మాచర్ల వైపు పోయే పెట్టె

అప్పుడే మాచర్లకి అవతల కృష్ణ మీద పెద్ద ఆనకట్ట పని జోరుగా సాగుతోంది. ఒకరోజు వచ్చిన ఓడలో ఆ పనికి పోయే యంత్రం ఉందని తెలిసింది. మా తొమ్మిదిమందికీ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ నీళ్ళొస్తే మా పొలాలు తడుస్తాయి. సముద్రంలో ఇన్నాళ్ళూ ఎవరెవరి సరుకో దించాం, ఇది మాది. నేను క్రేన్ తుడిచి, నూనెలు పోసి, పెళ్ళికొడుకుని చేసినట్టు తయారుచేశాను.

యంత్రం ఓడ డెక్కు మీద పెద్ద చెక్కపెట్టెలో ఉంది. కాగితం మీద బరువు ఇరవయ్యారు టన్నులు. మా క్రేన్ ముప్పై దాకా ఎత్తుతుంది. దొర చూసి లెక్క వేసి, ఎత్తవచ్చని సంతకం పెట్టాడు. ఈలాయన తయారుగా ఉన్నాడు. శుభ్రం చేసిన గొలుసులు పైకి మోసుకెళ్ళే పని మీద మామ కూడా ఓడ ఎక్కాడు. కట్టు చూసుకుందామని నేనూ ఎక్కాను.

మామ గొలుసులు దించి, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, పెట్టె కింద పెట్టిన చెక్కదిమ్మల్ని వేళ్ళతో తడిమాడు. తరవాత నా పక్కకి వచ్చి మెల్లగా, "అల్లుడూ, ఇది ఇరవయ్యారు కాదు. దిమ్మలు చూడు, పక్కలకి ఉబ్బినయ్. ఇంకా చానా ఉండద్ది" అన్నాడు. క్వారీలో రాయి బరువు మేము అలాగే చూసేవాళ్ళం, కింద పెట్టిన కర్ర ఎంత నలిగిందో చూసి. మామ అంచనా తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

డెక్కు మీదే అవతల నిలబడ్డ దొర దగ్గరికి వెళ్ళి చెప్పాను. కాగితం నా ముందు పెట్టాడు. టైపు కొట్టి ఉంది. కోటయ్య తుప్పు చూసుకుంటే చాలు, దిమ్మల సంగతి ఎందుకన్నాడు. ఈలాయన అప్పటికే ఈల నోట్లో పెట్టుకున్నాడు.

నాకు ఆ బాయిలరు గుర్తొచ్చింది. బరువు ఎక్కువైతే ఈసారి ఊగేది పెట్టె కాదు, పంటే తిరగబడుతుంది. దాని మీద నలభైమంది ఉన్నారు. కొత్తమనిషి ఈలకి నేను ఈ పెట్టె లేపలేనని దొరతో అన్నాను. కోటయ్య మామ చెయ్యి చూపితేనే లేపుతానన్నాను. చెయ్యి సరిగ్గా చూపలేకే గదా అతన్ని తీసేసింది అని దొర విసుక్కున్నాడు.

"ఆయన సరిగ్గానే చూపాడు సార్. ఆ రోజు అరచెయ్యి చాపే ఉంది, నాకు కనపడింది. ఎండా లేదు, ఏమీ లేదు. మా బావమరిది చూస్తున్నాడని నేనే లాగేశాను" అన్నాను.

 ఐదడుగుల దూరంలో మామ గొలుసు సర్దుతున్నాడు. సర్దడం ఆపలేదు. దొర నావంక, తరవాత మామవంక చూసి, గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన గొడుగు మూయడం నేను అదే మొదటిసారి చూడటం. కోటయ్యని రమ్మని పిలిచి, ఇప్పుడేమంటావని అడిగాడు.

మామ తలపాగా తీసి భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"అయ్యా, మా క్వారీలో కట్టు కట్టినోడు రాయి మీద నిలబడాల. ఈ పెట్టెకి తాడు మేం కట్టాం గానీ, ఎత్తమని కట్టు కట్టింది తమరి సంతకం. జానెడు లేసిందాకా తమరు పైన నిలబడండి. భయం లేదు, పక్కన నేనూ నిలబడతా. నాకూ ఈత రాదు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. దొర పెట్టెవంక చూశాడు. దాని మీదికి ఎక్కడానికి పెట్టిన నిచ్చెనవంక చూశాడు. సముద్రంవంక కాస్త ఎక్కువసేపు చూశాడు. తరవాత చేతిలోని కాగితంవంక, అది అప్పుడే కొత్తగా ఇచ్చినట్టు చూశాడు. నిచ్చెన మీద ఒక మెట్టు ఎక్కి, దిగాడు. దిగి, ఓడ అధికారిని పిలిచి, ఈ యంత్రానికి సంబంధించిన కాగితాలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, తెమ్మన్నాడు.

గంటసేపు వెతికితే ఇంకొక కాగితం దొరికింది. ఇరవయ్యారు టన్నులు యంత్రం ఒక్కదాని బరువు. దాన్ని కూర్చోబెట్టే ఇనప దిమ్మె కూడా అదే పెట్టెలో ఉంది, దాని బరువు వేరే కాగితంలో రాశారు. రెండూ కలిస్తే మా క్రేన్ మోయగలిగిన దానికంటే బాగా ఎక్కువ. దొర ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని రెండు అంకెలూ కూడి చూశాడు. పెట్టె విప్పి రెండూ వేరుచేసి, యంత్రం ఒక్కదానికే మళ్ళీ చెక్కలు కొట్టమన్నాడు. ఓడవాళ్ళు ఆలస్యమవుతోందని గోలపెట్టారు. ఆయన గొడుగు మళ్ళీ తెరుచుకుని వాళ్ళ గోలంతా దాని కింద నిలబడి విన్నాడు. ఒక్క అడుగు వెనక్కి తగ్గలేదు. ఆయన్ని చూసి నవ్వడం నేను ఆ రోజుతో మానేశాను, కనీసం ఎదురుగా.

మర్నాడు యంత్రం లేపాం. ఈలాయన పక్కకి జరిగాడు. మామ ఓడ మీద నిలబడి అరచెయ్యి చాపాడు. ఈసారి పెట్టె మీదికి ఎక్కలేదు. ఒకసారి మునిగాక ఆ సరదా తీరిందన్నాడు, ఒక చెయ్యి మాత్రం పెట్టెకి ఆనించి ఉంచాడు. తాడు బిగిసింది. పంటు ఒరిగింది. ఒరిగి, ఇంకొంచెం ఒరిగి, నిలిచింది. నేను క్రేన్ కొన వెనక్కి లాగాను. మామ మొలలోంచి గుండు తీసి దారం వదిలి, ఒక కన్ను మూశాడు. నేను లివరు మీద చెయ్యి కూడా వెయ్యలేదు, ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. అంతసేపు ఆగడం అంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

మామ చెయ్యి పైకి లేచింది. పెట్టె ఊగకుండా, కదిలిందో లేదో తెలియకుండా లేచి, బార్జీలోకి దిగింది. తరవాత ఇనప దిమ్మె కూడా దిగింది. మా తొమ్మిదిమందిలో ఇద్దరు ఏడ్చారు. ఒకణ్ణి నేను, రెండోవాడు ఎవరో చెప్పను.

మేరీ, నీకు సంతకాలు పెట్టే ఉద్యోగం వచ్చింది కాబట్టి నాకు తెలిసిన ఒక్క సలహా ఇస్తాను. పెట్టేముందు నిచ్చెన మీద ఒక మెట్టు ఎక్కి చూడు. కాళ్ళు వణికితే రెండో కాగితం కోసం వెతుకు.

వల

నా సంగతి మిగిలింది. అబద్ధం చెప్పినందుకు నా మీద రాస్తే ఉద్యోగం పోతుంది. యంత్రం దిగాక దొర నన్నూ మామనీ పంటు మీదే పక్కకి పిలిచి, తను ఏమీ రాయననీ, తుప్పు గీకింది కోటయ్య కాబట్టి ఇతన్ని ఏం చెయ్యాలో కోటయ్యే తేల్చాలనీ అన్నాడు. మామని సిగ్నలు పనిలోకి మళ్ళీ వేసినట్టు మాత్రం అప్పుడే రాసి ఇచ్చాడు. నన్ను ఏం చెయ్యాలో ఆలోచించుకుంటానన్నాడు మామ.

దొర మళ్ళీ ఓడ ఎక్కాక నేను మామ చేతులు పట్టుకున్నాను. ఆ రోజు నా పక్కనే నిలబడి వింటూ కూడా ఎందుకు నోరు మెదపలేదని అడిగాను.

"కొత్తగా పెళ్ళయినోడివి. బావమరిది బయట ఉండె. నీ అంతట నువ్వు చెప్తావులే అని చూశా. ఇన్నాళ్ళు పట్టిద్దని అనుకోలేదురా" అన్నాడు.

 వెంటనే ఏదో పని గుర్తొచ్చినట్టు, పెట్టె కింది దిమ్మలు ఎట్టా నలిగాయో పైకొచ్చి చూడమన్నాడు. ఓడ ఎక్కి చూశాను. నిజంగానే పక్కలకి చీలికలు తేలాయి. దిగేటప్పుడు నిచ్చెన ఎందుకు, వలలో దిగమన్నాడు. క్రేన్ కొక్కేనికి తాళ్ళవల తగిలించి మనుషుల్ని దించడం మాకు మామూలే. క్రేన్ గదిలో రెండో డ్రైవరు ఉన్నాడు. వాడి మొహంలో ఆ నవ్వు చూసి అయినా నేను అనుమానించాల్సింది.

వల లేచింది. చక్కగా, ఊగకుండా, ఓడ దాటింది. పంటు మీదికి రావలసింది, పంటు పక్కకి వచ్చింది. మామ ఓడ రెయిలింగు దగ్గర నిలబడి చెయ్యి కిందికి ఊపుతున్నాడు. నిదానంగా, ఎంతో జాగ్రత్తగా, గాజుసామాను దించుతున్నట్టు. నా కాళ్ళు నీళ్ళను తాకాయి. మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది. నీళ్ళు ఛాతీదాకా వచ్చాక మామ అరచెయ్యి తెరిచి ముందుకి చాపాడు. క్రేన్ ఆగింది. కళాసీలంతా పంటు అంచున వరసగా కూర్చున్నారు, వాళ్ళకి ముందే తెలుసు.

మామ రెయిలింగు మీంచి వంగాడు.

"చెయ్యి కనపడతందా అల్లుడూ?"

"కనపడతంది మామా."

"ఎండ కళ్ళలో పడతల్లా?"

"లేదు మామా. చానా బాగా కనపడతంది."

ఆయన అలాగే అరచెయ్యి చాపి ఉంచాడు. ఎంతసేపో నేను చెప్పలేను, అల మీద అల వచ్చి నోట్లోకి ఉప్పునీళ్ళు కొడుతుంటే లెక్కపెట్టలేదు. ఒక్కసారి తల తిప్పి చూస్తే దొర ఓడ మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, గొడుగు మా వైపు అడ్డంగా వాల్చుకుని, అవతలి పక్క సముద్రాన్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

చివరికి మామ చెయ్యి తల మీదికి ఎత్తాడు. వల లేచింది. నన్ను పంటు మీద దించి, ఆయన తన తలపాగా విప్పి తుడుచుకోమని విసిరాడు.

తరవాత ఆయన రిటైరయ్యేదాకా ఆయన చేతి కిందే పనిచేశాను, ఆయన వెళ్ళాక ఇంకా చానా ఏళ్ళు చేశాను. తూర్పు తీరం, చెట్టు నీడ లేని పంటు, వేసవిలో ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది. అయినా ఎండ మళ్ళీ ఒక్కసారి కూడా నా కళ్ళలో పడలేదు.